నిద్ర లేవగానే చూపు మసకబారుట – కారణములు, కర్తవ్యము

ఇంద్రియములన్నిటిలోను కన్నే ప్రధానమైనదని పెద్దల మాట. ప్రేమతో పెంచినవారిని గురించి చెప్పునప్పుడు తెలుగులో "కంటికి రెప్పవలె కాపాడినారు" అంటాము. ఉర్దూలో ప్రియమైన బిడ్డను "నూరె చష్మ్" అంటారు. కంటి వెలుగు అని దాని అర్థము. రెండు భాషలును కన్నును ఇంతగా గౌరవించినను, ఆ కన్ను తన బాధను చెప్పుకొన్నప్పుడు వినే అలవాటు మాత్రము మనలో తక్కువ. ఉదయము నిద్ర లేవగానే కొంతసేపు చూపు మసకగా ఉండుట అట్టి బాధలలో ఒకటి. ఎండ ఎక్కేసరికి అది తగ్గిపోతుంది. తగ్గినది గనుక మరచిపోతాము. మరచిపోతాము గనుక ఎవరికీ చెప్పము. మేమును అట్లే మరచినవారమే. ఈ వ్యాసము వ్రాయుటకు ప్రేరణ అదియే.

మా స్వస్థలము కథలాపూరు. 2016 అక్టోబరు వరకు కరీంనగర్ జిల్లాలోను, అటుపిమ్మట జగిత్యాల జిల్లాలోను చేరిన మండల కేంద్రమది. వరి, మొక్కజొన్న, పసుపు పండే నేల. మగవారిలో ఎందరో గల్ఫు దేశములకు పోయినారు. ఆడవారిలో ఎందరో ఇంటి అరుగుమీద కూర్చుండి బీడీలు చుట్టినారు. మా తల్లిగారు ముప్పది యేండ్లకు పైగా ఆ పని చేసినవారే. అరువది దాటిన తరువాత ఒక చలికాలమున ఆమె "సుబహ్ కో సబ్ ధుందలా దిఖ్‌తా" అని రెండు మూడు మారులు అన్నారు. పొరుగింటి పెద్దమ్మతో తెలుగులోనూ అదే మాట చెప్పినారు: "పొద్దుగాల్ల కండ్లు మసక మసకగ ఉంటున్నయి, మాపటికి మంచిగయితున్నయి." వయసు వచ్చినది గదా అని మేము ఊరకున్నాము.

తరువాత ఊరిలో జరిగిన ఒక కంటి పరీక్షకు ఆమెను పిలుచుకొని పోయినాము. మధ్యాహ్నము రెండు గంటల వేళ గోడమీది అక్షరములను ఆమె చక్కగా చెప్పగలిగినారు. దగ్గరి చూపునకు అద్దములు ఇచ్చి పంపినారు. ఉదయపు మసక అట్లే ఉన్నది. మందుల దుకాణములో అడిగి తెచ్చిన చుక్కలు కొన్నాళ్ళు వేసినాము. మొదట హాయిగా ఉన్నదన్నారు. తరువాత మరల అదే. ఈ విధముగా ఆరు మాసములు గడచినవి. చివరకు నగరమునందలి ఒక నేత్ర వైద్యులు ఆమెను అడిగిన మొదటి ప్రశ్న "ఎంత కనబడుతున్నది?" అనునది కాదు, "ఏ వేళకు కనబడుటలేదు?" అనునది. ఆ ఒక్క ప్రశ్నతో వ్యవహారము దారిలో పడినది.

ఆ ప్రశ్న ఎందుకు అంత ముఖ్యమో తెలియవలెనన్న కంటి నిర్మాణమును కొంత తెలిసికొనవలెను. పదునొకండవ శతాబ్దపు ఆరంభమున బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్న్ అల్ హైతమ్ "కితాబ్ అల్ మనాజిర్" అను గ్రంథమును రచించినాడు. కంటినుండి కిరణములు బయలుదేరి వస్తువును తాకుటచేత చూపు కలుగునను పాత అభిప్రాయమును ఆయన ఖండించి, వస్తువునుండి వచ్చు వెలుతురు కంటిలో ప్రవేశించుటయే చూపునకు కారణమని నిరూపించినాడు. ఆ వెలుతురు లోనికి వచ్చు గవాక్షమే కార్నియా. నల్లగుడ్డుకు ముందు గడియారపు అద్దమువలె అమరియున్న పారదర్శకమైన పొర ఇది. దీని మందము మధ్యభాగమున సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. దీని ముందు కన్నీటి పొర, వెనుక కంటిలోని నీరు, లోపల కటకము, అన్నిటికి వెనుక నేత్రపటలము ఉన్నవి. వీటిలో ఏది చెడినను చూపు మసకబారుతుంది. అయితే "ఉదయము మాత్రమే" మసకబారినదన్నప్పుడు అనుమానము ముందుగా కన్నీటి పొరమీదను, కార్నియామీదను పోవలెను. నిద్రలో ఎక్కువ మార్పు పొందునవి ఆ రెండే.

మొదట కన్నీటి సంగతి. కన్నీరు కేవలము ఉప్పునీరు కాదు. అందులో జిగురు, నీరు, నూనె కలసి ఉంటవి. నూనె రెప్పల అంచులలోని సన్నని గ్రంథులనుండి వచ్చి, నీరు త్వరగా ఆవిరి కాకుండ కాపాడుతుంది. మెలకువగా ఉన్నప్పుడు నిమిషమునకు సుమారు 15 మారులు రెప్ప వేసి ఈ పొరను సరిచేసికొంటూ ఉంటాము. నిద్రలో ఆ పని ఆగిపోతుంది. కన్నీరు ఊరుటయు తగ్గుతుంది. అందుచేత లేవగానే కంట పుసి, కొంత మసక ఉండుట సహజము. నాలుగు మారులు రెప్పలార్చి, చల్లని నీటితో ముఖము కడుగుకొన్నంతనే తొలగినచో భయపడనక్కరలేదు.

ఆ మసక చాలాసేపు నిలిచి, మంట, ఇసుక పడినట్లు గరగర కూడ ఉన్నచో కన్ను పొడిబారుచున్నదని అనుమానించవలెను. రెప్పల అంచులు వాచి నూనె గ్రంథులు మూసికొనిపోవుట ఒక కారణము. కొందరికి నిద్రలో రెప్పలు పూర్తిగా మూతపడవు. తమకు ఆ సంగతి తెలియదు, ఇంటివారు చూచి చెప్పవలెను. అట్టివారు ఫ్యాను గాలి ముఖమునకు సూటిగా తగులునట్లు పండుకొన్నచో బాధ హెచ్చుతుంది. జలుబునకు, దురదకు వాడు కొన్ని మాత్రలు కూడ కన్నీటిని తగ్గించును. మంచము స్థానము మార్చుట, గోరువెచ్చని శుభ్రమైన గుడ్డను మూసిన రెప్పలమీద అయిదు పది నిమిషములు ఉంచుట, వైద్యుని సలహాపై కన్నీటికి బదులుగా పనిచేయు చుక్కలను వాడుట వలన వీరిలో చాలమందికి మేలు కలుగుతుంది.

ఇక కార్నియా సంగతి. దానిలో రక్తనాళములు లేవు; పగటివేళ ప్రాణవాయువును సూటిగా గాలినుండి తీసికొంటుంది. రెప్పలు మూసికొన్నప్పుడు ఆ సరఫరా తగ్గి, ఆరోగ్యవంతుని కార్నియా కూడ రాత్రివేళ సుమారు 3, 4 శాతము ఉబ్బుతుంది. లేచిన తరువాత గంట రెండు గంటలలో యథాస్థితికి వస్తుంది. మనకు తెలియను కూడ తెలియదు. ఈ నీటిని నిరంతరము తోడివేయునది కార్నియా వెనుక ఒకే వరుసగా పరచుకొన్న కణముల పొర. యౌవనమున చదరపు మిల్లీమీటరునకు సుమారు 3000 కణములుండును. ఇవి చనిపోయినచో మన శరీరము వాటిని తిరిగి పుట్టించలేదు. మిగిలినవే సాగి ఖాళీని కప్పుకొంటవి. చెలమలో నీరు ఊరుచుండగా తోడే చేతులు తగ్గినట్లు, ఈ కణములు మరీ తగ్గినప్పుడు కార్నియా ఉబ్బి, మంచు పట్టిన అద్దమువలె అవుతుంది.

ఈ కణములు కాలక్రమమున క్షీణించు వ్యాధిని వియన్నా నగరపు నేత్ర వైద్యుడు ఎర్నెస్ట్ ఫుక్స్ 1910లో వర్ణించినాడు. అతని పేరుననే అది ప్రసిద్ధము. సాధారణముగా నడివయస్సు దాటినవారిలో, పురుషులకంటె స్త్రీలలో ఎక్కువగా బయటపడుతుంది. కొన్ని కుటుంబములలో తల్లిదండ్రులనుండి సంతానమునకు సంక్రమించును. దీని ముఖ్య లక్షణమే ఉదయపు మసక. రాత్రి రెప్పలు మూసియుండుటచేత కంటి ఉపరితలమునుండి నీరు ఆవిరి కాదు, కార్నియా ఉబ్బుతుంది. పగలు కన్ను తెరచినపుడు నీరు ఆవిరియై మిగిలిన కన్నీటిలో ఉప్పు పాలు హెచ్చి, కార్నియాలోని నీటిని బయటకు లాగుతుంది. అందుకే మధ్యాహ్నమునకు చూపు తేటపడుతుంది. మా తల్లిగారికి ఉన్నది ఇదియే. మధ్యాహ్నము రెండు గంటలకు జరిగిన పరీక్షకు ఉదయము ఆరు గంటల బాధ ఎట్లు తెలుస్తుంది?

ఇంకొక కారణము మన పల్లెలకు మిక్కిలి సంబంధించినది. వరికోతలందు ఆకు గీచుకొన్నను, గోరు తగిలినను కార్నియా పైపొర చినుగును. మానినట్లే ఉండి, ఆ పొర అడుగు పట్టు బలహీనముగా నిలిచినచో, తెల్లవారుజామున రెప్ప తెరువగానే అది మరల ఊడి, పొడిచినట్లు నొప్పి, నీరు కారుట, మసక కలుగును. ఇట్టి గాయమునకు పసరు పోయుట, తల్లిపాలు పిండుట ప్రమాదము. గాయములో బూజు జాతి సూక్ష్మజీవులు చేరినచో పుండు పడి కన్నే పోవచ్చును.

కొన్ని కారణములు కంటిలో గాక దేహమునందున్నవి. మధుమేహులకు రక్తములో చక్కెర హెచ్చుతగ్గులైనప్పుడు కంటి కటకము ఆకృతి మారి చూపు మారుతుంది. అట్టివారు అద్దములు మార్చుటకు ముందు చక్కెరను అదుపులోనికి తెచ్చుకొనవలెను.

ఈ క్రింది లక్షణములు కనబడినచో మాత్రము మరునాటికి వాయిదా వేయరాదు: ఒక కంటి చూపు నొప్పి లేకుండనే అకస్మాత్తుగా పోవుట, చూపులో పైసగమో క్రిందిసగమో చీకటి అగుట, తీవ్రమైన కంటి నొప్పి, ఎరుపు, వాంతులు, దీపము చుట్టు రంగుల వలయములు, ప్రతి ఉదయము తలనొప్పితో పాటు చూపు క్షణకాలము ఆరిపోవుట, ముఖము వంకర, మాట తడబాటు, చేయి కాలు పడిపోవుట. ఇవి నీటికాసులు, నరముల వ్యాధి, మెదడులో ఒత్తిడి, పక్షవాతము మొదలగువాటి సూచనలు కావచ్చును. గంటలే విలువైనవి.

పొరపాటు చికిత్సలను గూర్చియు ఒక మాట చెప్పవలెను. ఎరుపు తగ్గించు చుక్కలలో కొన్నిటియందు స్టెరాయిడు ఉంటుంది. మొదట హాయినిచ్చును, వైద్యుని పర్యవేక్షణ లేక నెలల తరబడి వాడినచో కొందరికి కంటిలోపలి ఒత్తిడి హెచ్చి, చప్పుడు చేయకుండ చూపును హరించును. పోయిన ఆ చూపు మరల రాదు. మా తల్లిగారికి మేము వేసినవి అట్టి చుక్కలే. దైవకృపచేత ఒత్తిడి పెరుగలేదు. అది మా వివేకము కాదు. మన ఇండ్లలో ఆదరముతో పెట్టుకొను సుర్మాలలో కొన్నింటియందు సీసము ఉన్నట్లు అనేక పరీక్షలలో తేలినది. పసిపిల్లల కండ్లకు అది బొత్తిగా తగదు.

మరి సాయము కోరుట ఎట్లు? భాషను బోధించువారముగా మాకు తోచినదేమనగా, వైద్యునికి మనమీయగల మొదటి మందు సరియైన మాట. "చూపు తగ్గినది" అన్నచో అద్దములు వచ్చును. "ఉదయము గంటసేపు మసక, తరువాత తేట" అన్నచో విచారణ మొదలగును. కనుక పది దినములు ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనుడు. ఎన్ని గంటలకు లేచినారు, మసక ఎంతసేపున్నది, ఒక కంటికా రెండింటికా (ఒక్కొక్క కన్ను మూసి చూడవలెను), రెప్పలార్చిన తగ్గినదా, నొప్పి ఉన్నదా, ఏ మందులు వాడుచున్నారు, మధుమేహమున్నదా. చదువురాని తల్లిదండ్రులకు ఈ లెక్క వ్రాసిపెట్టుట బిడ్డల పని. వీలైనచో తొలి ఉదయమే పరీక్షకు పోవలెను. వైద్యుడు సూక్ష్మదర్శినివంటి దీపయంత్రముతో కార్నియాను, తరువాత కంటి ఒత్తిడిని, నేత్రపటలమును చూచును.

పోవుటకు చోట్లు లేకపోలేదు. 2018లోను, 2023లోను తెలంగాణ ప్రభుత్వము "కంటి వెలుగు" పేర ఊరూర పరీక్షలు జరిపి అద్దములు పంచినది. జగిత్యాలలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది. హైదరాబాదున సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉన్నది. 1987లో డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర సంస్థయు ఉన్నది. కార్నియా పూర్తిగా చెడినవారికి మార్పిడి చికిత్స కలదు. 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ అను వైద్యుడు మొదటిమారు దానిని మానవునికి జయప్రదముగా చేసినాడు. నేడు చెడిన వెనుక పొరను మాత్రమే మార్చు పద్ధతులును వచ్చినవి. అయితే దీనికి దాతల కన్నులే ఆధారము.

మా తల్లిగారికి ఇప్పుడు శస్త్రచికిత్స అవసరము లేదని వైద్యులు చెప్పినారు. ఉప్పు పాలు ఎక్కువగా గల చుక్కలు ఉదయము వేసికొంటున్నారు. మసక పూర్తిగా పోలేదు, కాని త్వరగా విడిపోతున్నది. ముందు ముందు శుక్లము తీయవలసి వచ్చినచో, కార్నియా కణములను లెక్కించిన పిమ్మటనే తీయవలెనని కాగితముమీద వ్రాసి ఇచ్చినారు. ఈ సంగతి తెలియకుండ శుక్లము తీసియుంటే ఉన్న కణములు మరింత తగ్గి, ఉదయపు మసక దినమంతటి మసక అయియుండేది. మేమును పరీక్ష చేయించుకొన్నాము; ప్రతి సంవత్సరము చూపించుకొనుమన్నారు.

కళాశాల కార్యవర్గమువారికి ఒక మనవి. ఇకముందు మన ఆవరణమున కంటి పరీక్ష ఏర్పాటు చేయునప్పుడు, ఒక్క దినమైనను ఉదయము ఆరు గంటలకు ఆరంభింపజేయుడు. విద్యార్థుల తల్లులను కూడ పిలువుడు. విద్యార్థినీ విద్యార్థులారా! రేపు తెల్లవారగానే ఇంటిలోని పెద్దలను ఒక్క ప్రశ్న అడుగుడు: "లేవగానే కండ్లు ఎట్లున్నవి?" ఆ ప్రశ్నను మేము ఆరు మాసములు ఆలస్యముగా విన్నాము. మీకు ఆ ఆలస్యము కలుగకూడదనియే మా కోరిక.