కెన్నీ వాషింగ్టన్: పట్టికలకెక్కని ఆరేళ్ళు

రాసిన చట్టాన్నయితే తగలబెట్టొచ్చు, కోర్టుకీడ్చొచ్చు. రాయని కట్టుబాటును ఎక్కడ పట్టుకోవాలి? అమెరికా నల్లజాతి ఆటగాడు కెన్నీ వాషింగ్టన్ చరిత్రను ఈ ప్రశ్నతోనే చదవాలంటాం మేం.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్ అంటే బంతిని చంకన పెట్టుకుని ఎదుటి జట్టును ఛేదించుకుంటూ పరుగెత్తేవాడు. అతని సత్తాని గజాల్లో కొలుస్తారు. అది అందరి కళ్ళముందూ జరిగే లెక్క. 1918లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన వాషింగ్టన్, యు.సి.ఎల్.ఎ. విశ్వవిద్యాలయ జట్టులో 1939లో పరుగులూ పాసులూ కలిపి 1,370 గజాలు సాధించాడు. ఆ ఏడు దేశంలోని కాలేజీ ఆటగాళ్ళందరిలో అదే ఎక్కువ. అయినా 1940 సీజన్ కోసం నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ జట్లు కొత్తవాళ్ళని ఎంచుకున్నప్పుడు ఒక్క జట్టూ అతని పేరెత్తలేదు.

1934 నుంచి 1945 దాకా ఆ లీగ్‌లో ఒక్క నల్లవాడూ ఆడలేదు. నిషేధమని ఏ కాగితం మీదా లేదు. అందరూ తెల్ల యజమానులే, అందరికీ తెలిసిన సంగతే. వాషింగ్టన్ వయసులోని మంచి ఏళ్ళు పశ్చిమ తీరపు చిన్న లీగుల్లో గడిచిపోయాయి. మోకాళ్ళూ పాడయ్యాయి.

1946లో క్లీవ్‌లాండ్ రామ్స్ జట్టు లాస్ ఏంజెలెస్‌కు మారుతూ అక్కడి కొలీజియం స్టేడియాన్ని అడిగింది. అది ప్రజల సొమ్ముతో కట్టింది. హాలీ హార్డింగ్ వంటి నల్లజాతి పత్రికా రచయితలు స్టేడియం కమిషన్ ముందుకెళ్ళి, అందరి డబ్బుతో కట్టిన మైదానాన్ని నల్లవాళ్ళని రానివ్వని జట్టుకి ఎలా ఇస్తారని నిలదీశారు. ఆ మార్చి 21న రామ్స్ వాషింగ్టన్‌తో ఒప్పందం చేసుకుంది. యు.సి.ఎల్.ఎ.లో అతని తోటి ఆటగాడు జాకీ రాబిన్సన్ 1947లో బేస్‌బాల్ పెద్ద లీగ్‌లో అడుగుపెట్టడానికి ఏడాది ముందు మాట ఇది.

దెబ్బతిన్న మోకాళ్ళతోనే 1947లో అతను 60 సార్లు బంతి పట్టి 444 గజాలు పరుగెత్తాడు. సగటు 7.4 గజాలు, లీగ్‌లో అందరికన్నా మిన్న. అందులో ఒక్క పరుగే 92 గజాలు! 1948తో ఆట ముగిసింది. మూడు సీజన్లలో మొత్తం 859 గజాలు. 1971లో 52 ఏళ్ళకే చనిపోయాడు.

లీగ్‌లో చివరిదాకా నల్లవాళ్ళని తీసుకోని జట్టు వాషింగ్టన్ నగరానిది. అదీ 1962లో దిగొచ్చింది. దాని కొత్త స్టేడియం కేంద్ర ప్రభుత్వ భూమిలో ఉంది, ప్రభుత్వం ఒత్తిడి తెచ్చింది. రెండుచోట్లా యజమానుల మనసు కరిగి తలుపు తెరుచుకోలేదు. నేల ఎవరిదని అడిగితే తెరుచుకుంది.

859 గజాలే అతని ప్రతిభ అనేవాళ్ళుంటారు. మెరిట్ పేరుతో మన ముందు పట్టికలు పరిచేవాళ్ళకిచ్చే జవాబే వాళ్ళకీ ఇద్దాం: ఆడనివ్వని ఆరేళ్ళని ఏ గడిలో వేశారో ముందు చూపించండి.