నీర, మేపుల్ రసము: తీపికిఁ జలియే కాపు

కోలారు సీమలోఁ దెలుగువారు ఈత యనియు, కన్నడిగులు ఈచలనియు వ్యవహరించు చెట్టొకటే. రాత్రివేళ దానినుండి దిగు నీర చల్లగా నున్నంతవఱకే తియ్యన. వేఁడి సోఁకినకొలఁది పులిసి కల్లగును. కుండలోపల సున్నము పూయుట యీ పులుపును జాగుచేయుటకే.

కెనడాలోని మేపుల్ చెట్టునకును చలియే యాధారము. రాత్రి గడ్డకట్టి, పగలు కరఁగిననే రసము కాఱును. మొగ్గ తొడిగిన రుచి చెడును. సుమారు 40 లీటర్ల రసము కాఁచిన 1 లీటరు పాకము వచ్చును. 2021లో వసంతము ముందే వెచ్చఁబడి క్యూబెక్ సీమలో దిగుబడి తగ్గెను. పాకము ఏండ్లు నిలుచును గావున, ఉత్పత్తిదారులు పూర్వపు నిల్వలను వెలికిఁదీసిరి.

నీరకు అట్టి నిల్వ లేదు. ప్రొద్దెక్కకముందే కాఁచి బెల్లము చేయవలయును. వేసవి త్వరపడినచో మన గీతగానికి మిగులునవి కొన్ని గడియలే.