కొవ్వులోని మూల కణాలు: అవి ఏ పడకపై ఉన్నాయన్నదే ముఖ్యం

"డాక్టరు గారూ, మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందన్నారు. పొట్టలోని కొవ్వు తీసి, అందులోని స్టెమ్ సెల్స్‌ను మోకాలిలోకి ఎక్కిస్తే ఆపరేషన్ లేకుండానే కొత్త గుజ్జు వస్తుందట కదా?"

మేము తరచుగా వింటున్న ప్రశ్న ఇది. బంగారం తాకట్టు పెట్టయినా ఈ చికిత్స చేయించుకోవాలనుకునేవారు ఉన్నారు. డబ్బు కట్టే ముందు ఈ కణాలు ఎలా ప్రవర్తిస్తాయో తెలుసుకోవడం మంచిది. అందుకే ఈ విషయాన్ని వీలైనంత సులభంగా వివరిస్తున్నాము.

మూల కణాలంటే ఏమిటి?

మన శరీరంలో ఎముక కణం ఎముక పనే చేస్తుంది, కండర కణం కండర పనే చేస్తుంది. కానీ ఇంకా ఏ పనిలోనూ స్థిరపడని కణాలు కొన్ని ఉంటాయి. అవసరాన్ని బట్టి అవి వేరే రకం కణాలుగా మారగలవు. వీటినే మూల కణాలు, అంటే స్టెమ్ సెల్స్ అంటారు.

మొదట్లో వీటిని ఎక్కువగా ఎముక మూలుగ నుండి తీసేవారు. 2001లో అమెరికాలో ప్యాట్రీషియా జుక్, ఆమె సహచరులు లైపోసక్షన్‌లో తీసి పారవేసే కొవ్వులో కూడా ఇటువంటి కణాలు ఉన్నాయని చూపించారు. వాటిని ఎముక, గుజ్జు, కండరం, కొవ్వు కణాల వైపు మళ్ళించవచ్చని ప్రయోగశాలలో రుజువు చేశారు. మూలుగ తీయడం కంటే కొవ్వు తీయడం తేలిక. కణాలు కూడా ఎక్కువగా దొరుకుతాయి. అందుకే వీటిపై ఇంత ఆశ.

పడకను బట్టి ప్రవర్తన

వరి విత్తనాన్ని ఏ నేలలో చల్లినా వరే మొలుస్తుంది. మూల కణం అలా కాదు. తాను ఆనుకుని ఉన్న పడకను బట్టి తాను ఏమి కావాలో మార్చుకుంటుంది. ఈ పడకగా వాడే పదార్థాలను బయోమెటీరియల్స్ అంటారు. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు పరంజా కట్టుకున్నట్లే, కణాలు పట్టుకుని పెరగడానికి వీటితో ఒక చట్రం తయారుచేస్తారు. ఈ చట్రంలో ముఖ్యంగా మూడు సంగతులు కణాన్ని ప్రభావితం చేస్తాయి.

1. గట్టిదనం: కణం తన కింది ఉపరితలాన్ని పట్టుకుని లాగి చూస్తుంది. దిండును లాగితే వంగుతుంది, గోడను లాగితే కదలదు. ఆ బిగువు కణం లోపలి సన్నని పోగుల ద్వారా కేంద్రకం దాకా చేరుతుంది. 2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆడమ్ ఎంగ్లర్, డెనిస్ డిషర్ బృందం మూలుగ నుండి తీసిన మూల కణాలను రకరకాల గట్టిదనం గల జెల్‌లపై పెంచింది. మెదడంత మెత్తని జెల్ మీద అవి నాడీ కణాల లక్షణాలు చూపాయి. కండరమంత బిగువు గల జెల్ మీద కండర లక్షణాలు, ఇంకా గట్టి జెల్ మీద ఎముక లక్షణాలు చూపాయి. అన్నిటికీ పోసిన పోషక ద్రవం ఒక్కటే, మారింది పడక మాత్రమే. కొవ్వు నుండి తీసిన కణాలు కూడా పడక గట్టిదనానికి స్పందిస్తాయని తరువాతి పరిశోధనల్లో తేలింది.

2. ఆకారం: 2004లో క్రిస్టఫర్ చెన్ బృందం మూల కణాలను చిన్న చిన్న మచ్చల మీద నిలిపి చూసింది. కాళ్ళు చాపుకోవడానికి చోటు లేక గుండ్రంగా ఉండిపోయిన కణాలు కొవ్వు కణాల వైపు మళ్ళాయి. విశాలంగా పరచుకున్న కణాలు ఎముక వైపు మళ్ళాయి.

3. పదార్థం: ఎముకలోని ఖనిజాన్ని పోలిన కాల్షియం ఫాస్ఫేట్ చట్రాలు కణాలను ఎముక వైపు ప్రోత్సహిస్తాయి. నీటిని పట్టి ఉంచే మెత్తని జెల్‌లలో కణాలు గుండ్రంగా ఉంటాయి. తగిన రసాయనాలు కూడా తోడైతే అవి గుజ్జు కణాల వైపు వెళతాయి.

మరొక విశేషం. కణాలకు పాత పడక కొంతకాలం గుర్తుంటుంది. 2014లో క్రిస్టీ ఆన్సెత్ బృందం ఈ సంగతి చూపింది. గట్టి ప్లాస్టిక్ మీద ఎక్కువ రోజులు పెంచిన కణాలను తరువాత మెత్తని జెల్ మీదకు మార్చినా, అవి ఎముక వైపే మొగ్గు చూపాయి. కాబట్టి కణాలను శరీరంలోకి పంపే ముందు ఎక్కడ, ఎలా పెంచారన్నదీ ముఖ్యమే.

మరి మోకాలికి సూది వేస్తే?

అరిగిన మోకాలు ఈ కణాలకు సిద్ధం చేసిన పడక కాదు. అక్కడ వాపు ఉంటుంది, ప్రతి అడుగులోనూ శరీర బరువు పడుతుంది. సూదితో పంపిన కణాలలో ఎక్కువ భాగం అక్కడ ఎక్కువ కాలం నిలవవు. కణాలు విడుదల చేసే రసాయనాల వల్ల కొందరికి నొప్పి తగ్గవచ్చు. కానీ నొప్పి తగ్గడం వేరు, కొత్త గుజ్జు పెరగడం వేరు.

అమెరికాలో 470 మందికి పైగా మోకాలి నొప్పి రోగులపై జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2023లో వెలువడ్డాయి. కొవ్వు, మూలుగ, బొడ్డుతాడు నుండి తీసిన కణాల సూదులను మామూలు స్టెరాయిడ్ సూదితో పోల్చారు. ఏడాది తరువాత నొప్పి తగ్గించడంలో ఏ కణాల సూదీ స్టెరాయిడ్ సూది కంటే మెరుగని తేలలేదు.

కణాలు తప్పు చోట చేరితే హాని కూడా జరగవచ్చు. ఫ్లోరిడాలో ఒక క్లినిక్‌లో ముగ్గురు వృద్ధ మహిళలకు రెండు కళ్ళలోనూ కొవ్వు నుండి తీసిన కణాలు ఎక్కించారు. కంటిలో రక్తస్రావం, రెటీనా ఊడిపోవడం వంటి సమస్యలు వచ్చి వారి చూపు తీవ్రంగా దెబ్బతింది. ఈ సంగతి 2017లో వైద్య పత్రికలో ప్రచురితమైంది.

డబ్బు కట్టే ముందు అడగవలసిన ప్రశ్నలు

• ఈ చికిత్సకు డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ అనుమతి ఉందా? ఉంటే నా జబ్బుకే ఉందా?
• ఇది పరిశోధన అయితే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు అయిందా? ఎథిక్స్ కమిటీ ఆమోదించిందా?
• కణాలను ఎక్కడ, ఎన్ని రోజులు పెంచుతారు? దేనితో కలిపి పంపుతారు?
• హాని జరిగితే బాధ్యత ఎవరిది?

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, పరిశోధనలో పాల్గొనే రోగి నుండి ఆ చికిత్సకు డబ్బు వసూలు చేయకూడదు. "పరిశోధన" అంటూనే లక్షలు అడిగితే అనుమానించండి.

సరైన పడకతో కలిపి ఈ కణాలను వాడే మార్గం కోసం శాస్త్రవేత్తలు ఓపికగా కృషి చేస్తున్నారు. ఆ రోజు కోసం మేమూ ఎదురుచూస్తున్నాము. అంతవరకు బరువు తగ్గించుకోవడం, తొడ కండరాలకు వ్యాయామం, ఫిజియోథెరపీ, అవసరమైతే కీలు మార్పిడి ఆపరేషన్ వంటి ప్రయోజనం తెలిసిన మార్గాలు ఉన్నాయి. ఎవరైనా మీకు మూల కణాల చికిత్స చెప్పి ఉంటే, ఆ కాగితాలు తీసుకుని ముందు మీ డాక్టరుతో మాట్లాడండి. తొందరపడి సంతకం చేయకండి.