చంపటం కాదు, ఎదగనివ్వటం!

ఇన్‌ఫెక్షన్లతో పోరాడే తెల్లరక్తకణాలు ఎముక మజ్జలో పుడతాయి. మూలకణాలు అంచెలంచెలుగా ఎదుగుతూ న్యూట్రోఫిల్స్, మోనోసైట్ల వంటివిగా మారతాయి. ఈ ఎదుగుదల మధ్యలోనే ఆగిపోయి, పనికిరాని పసికణాలు కుప్పలుగా పెరిగితే? అదే అక్యూట్ మైలాయిడ్ లుకేమియా. తీవ్రమైన రక్తక్యాన్సర్.

ఎదుగుదల ఎక్కడ ఆగుతోంది? తిరిగి మొదలయ్యేలా చేయొచ్చా? ఒంట్లోంచి తీసిన మామూలు తెల్లకణాలు ల్యాబ్‌లో ఎక్కువ రోజులు బతకవు. అందుకే పరిశోధకులు ‘సెల్ లైన్’లను వాడుకుంటారు. పోషకాలు అందిస్తే ఎడతెగకుండా వృద్ధి చెందే కణాలివి. వీటిల్లో బాగా పేరొందింది హెచ్‌ఎల్-60. అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 1977లో లుకేమియా బారినపడ్డ ఒక మహిళ రక్తం నుంచి దీన్ని వృద్ధి చేశారు.

దారి చూపిన విటమిన్

హెచ్‌ఎల్-60 కణాలకు విటమిన్ ఎ నుంచి పుట్టే రెటినాయిక్ ఆమ్లాన్ని తగిలిస్తే న్యూట్రోఫిల్స్ మాదిరిగా ఎదుగుతున్నట్టు 1980లో తేలింది. అలా ఎదిగిన కణాలు ఇక విభజన చెందవు. అంటే క్యాన్సర్ కణాన్ని చంపకుండానే దారికి తేవచ్చన్నమాట.

ఈ ఆలోచన షాంఘై వైద్యుల చేతుల్లో చికిత్సగా మారింది. అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా (ఏపీఎల్) బాధితులు 24 మందికి ‘ఆట్రా’ అనే రెటినాయిక్ ఆమ్లం మాత్రలిచ్చారు. ఒకరికి మాత్రమే కీమో మందూ తోడు కావాల్సి వచ్చింది. అందరిలోనూ జబ్బు ఉపశమించింది. ఈ ఫలితాలు 1988లో వెలువడ్డాయి. ఒకప్పుడు రక్తస్రావంతో వేగంగా ప్రాణాలు తీసిన ఏపీఎల్ ఇప్పుడు చాలావరకు నయమవుతోంది. ఆట్రాకు ఆర్సెనిక్ మందు తోడవటం ఇందుకు మరింత తోడ్పడింది.

అదే తుది మాట కాదు

సెల్ లైన్లు క్యాన్సర్ కణాలే. జన్యువులు మారిపోయి ఉంటాయి. హెచ్‌ఎల్-60ని మొదట్లో ఏపీఎల్ అనుకున్నా తర్వాత వేరే రకమని తేలింది. ల్యాబ్‌లో కనిపించిన ఫలితాన్ని ఆరోగ్యవంతుల కణాల్లో, రోగుల్లో సరిచూడాల్సిందే.

ఇవి మరవొద్దు

* చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం కారటం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, విడవని జ్వరం, నీరసం ఉంటే వెంటనే డాక్టర్‌ను కలవాలి. ఏపీఎల్‌లో ప్రతి గంటా విలువైనదే.
* విటమిన్ ఎ మాత్రలు ఆట్రాకు ప్రత్యామ్నాయం కావు. సొంతంగా ఎక్కువ మోతాదులో వేసుకుంటే కాలేయం దెబ్బతినొచ్చు. గర్భిణులైతే బిడ్డకూ ముప్పే.
* ఆట్రా వాడేవారికి జ్వరం, ఆయాసం వస్తే తాత్సారం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.