కొండమంచులో కరవుల లెక్క

మేము తొమ్మిదవ తరగతి పిల్లలకు వర్షమాపకమును గూర్చి పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, “అయ్యా, వర్షమాపకము లేని కాలమున ఏ యేట వాన కురిసినదో, ఏ యేట కురియలేదో ఎట్లు తెలియును?” అని యడిగెను. ఆ ప్రశ్న మిక్కిలి మంచిది. మన యిండ్లలోని పెద్దలు “మా తాతనాటి పెద్ద కరవు” అని చెప్పుదురు గాని ఆ సంవత్సర మేదియో చెప్పజాలరు. ఆ దినమున గంట మ్రోగుటచేత మేము సగము ప్రత్యుత్తరమే చెప్పగలిగితిమి. మిగిలిన సగమును ఈ సంచికలో వ్రాయుచున్నాము. తలిదండ్రులు కూడ దీనిని చదువుదురు గాక.

మిక్కిలి యెత్తైన పర్వతములపై కురిసిన మంచు కరగిపోదు. ఒక యేటి మంచుపై మరుసటి యేటి మంచు పడును. పైబరువుచేత అడుగుమంచు నొక్కుకొని గట్టి మంచుగడ్డ యగును. ఇట్లు వందలాది సంవత్సరములు పేరుకొని, తన బరువుచేతనే మెల్లగా క్రిందికి జారు మంచురాశికి హిమానీనదమని పేరు. కరణము తన కవిలెలో ఏటేట ఒక పుట చేర్చినట్లు, హిమానీనదము ఏటేట ఒక పొర చేర్చుకొనును. మంచు పడునప్పుడు దానితోపాటు గాలిలోని ధూళియు, లవణములును, అగ్నిపర్వతముల బూడిదయు పడి ఆ పొరలోనే చిక్కుకొనును. ఆ పుటలోని వ్రాత ఇదియే.

ఈ వ్రాతను చదువుటకై శాస్త్రజ్ఞులు బోలుగానుండు బరమాతో మంచును తొలిచి, పొడవైన స్తంభములవలె పైకి తీయుదురు. 1997వ సంవత్సరమున అమెరికా శాస్త్రజ్ఞుడగు లోనీ థాంప్సనును, ఆయన తోడివారును, చీనా శాస్త్రజ్ఞులతో కలిసి హిమాలయములలో షిషాపంగ్మా శిఖరమువద్దనున్న దాసువోపు హిమానీనదమును ఇట్లు తొలిచిరి. ఆ చోటు సముద్రమట్టమునకు సుమారు 7,200 మీటర్ల యెత్తున నున్నది. అక్కడ ఊపిరి పీల్చుటయే కష్టము. వారు తీసిన మంచుస్తంభములలో అన్నిటికంటె పొడవైనది 160 మీటర్లకు మించియుండెను. వానిని కరగకుండ కాపాడుచు కొండ దింపి, సముద్రములు దాటించి, ప్రయోగశాలకు చేర్చిరి.

మంచును కరగించి చూచిన, నీరు తప్ప మరేమి కనబడునని మీరు అడుగవచ్చును. ఆ నీటిలో ముఖ్యముగా ముగ్గురు సాక్షులున్నారు. మొదటివాడు ధూళి, రెండవవాడు లవణములలోని క్లోరైడు, మూడవవాడు ప్రాణవాయువు.

ధూళి, క్లోరైడు చెప్పు సాక్ష్యము సుబోధకము. నైరృతి ఋతుపవనము బలముగా వీచిన యేట కొండపై మంచు విస్తారముగా పడును. నేల తడిసియుండుటచే దుమ్ము లేవదు. ఋతుపవనము తప్పిన యేట మంచు కొద్దిగా పడును; ఎండిన నేలనుండి దుమ్మును, దానితోపాటు ఉప్పును గాలి కొండలకు ఎగురగొట్టును. మా తరగతిలో చిటికెడుప్పును ఒక గ్లాసు నీటిలోను, మరియొక చిటికెడును బిందెడు నీటిలోను వేయించి పిల్లలచేత రుచి చూపించితిమి. గ్లాసు నీరు త్రాగిన పిల్లవాడు మొగము చిట్లించెను. బిందె నీరు త్రాగినవాడు ఉప్పే లేదనెను. కరవు నాటి మంచు ఆ గ్లాసునీటివంటిది. వచ్చు మలినము హెచ్చు, దానిని పలుచనచేయు మంచు తక్కువ.

మూడవ సాక్షి మాట కొంచెము సూక్ష్మమైనది. నీటిలోని ప్రాణవాయువు అంతయు ఒకే బరువుగలది కాదు. ప్రతి 1000 పరమాణువులలో సుమారు 2 పరమాణువులు తక్కినవానికంటె బరువైనవి. బరువు పరమాణువులుగల నీరు ఆవిరియగుటకు కొంచెము వెనుదీయును. మేఘమునుండి వర్షించుటకు కొంచెము ముందుపడును. కావున మేఘము చల్లబడుచు, వర్షించుచు పోయినకొలది దానిలో తేలికనీరే మిగులును. డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడగు విల్లీ డాన్స్‌గార్డు 1952లో తన తోటలో ఒక ఖాళీ సీసాపై గరాటు పెట్టి వాననీరు పట్టి, ఈ భేదమును పరిశీలింప నారంభించెను. ధ్రువప్రాంతముల మంచులో బరువైన పరమాణువులు ఎంత తగ్గియుండునో అంత చలి యని అర్థము. హిమాలయములలో చలియేగాక వాన హెచ్చుతగ్గులును ఈ లెక్కను మార్చును. అందుచేత వివేకులు ఒక్క సాక్షినే నమ్మక, ముగ్గురి మాటలను సరిచూచి తీర్పు చెప్పుదురు.

ఇక ఏ పొర ఏ సంవత్సరముదో తెలియుట యెట్లు? వేసవి మంచుకును చలికాలపు మంచుకును గుణభేద ముండుటచే, చెట్టు మ్రాను వలయములవలె పొరలను పైనుండి లెక్కింపవచ్చును. లెక్క తప్పకుండ నడుమనడుమ మైలురాళ్లు కూడ కలవు. అణ్వస్త్ర పరీక్షలచే గాలిలో చేరిన రేడియోధార్మిక ధూళి 1963 ప్రాంతమున అత్యధికముగా నేలకు దిగెను. 1815లో తంబోరా అగ్నిపర్వతము పేలినప్పుడు వెలువడిన గంధకామ్లము అనేక దేశముల మంచులో గుర్తు విడిచినది.

ఇట్లు చదువగా దాసువోపు మంచు ఏమి చెప్పినది? గడచిన వేయి సంవత్సరములలో ఋతుపవనము అనేక పర్యాయములు తప్పినదనియు, వానిలో 1790 మొదలు 1796 వరకు వచ్చిన అనావృష్టిని మించినది లేదనియు చెప్పినది. ఆ సంవత్సరముల పొరలలో ధూళియు క్లోరైడును మిక్కిలి హెచ్చుగా నున్నవి.

ఈ సాక్ష్యము మన యింటివాకిటికే వచ్చుచున్నది. ఆ కాలమున గోదావరి ప్రాంతములోని సామర్లకోటలో విలియం రాక్స్‌బరో అను వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు, వానల లెక్క వ్రాసియుంచుచుండెను. 1789 మొదలు వరుసగా వానలు తప్పుటను ఆయన కన్నులార చూచెను. అప్పటి క్షామమునకు పుర్రెల కరవని పేరు వచ్చినది. మృతులను పూడ్చువారు లేక ఎముకలు బాటలప్రక్కల పడియుండుటచేత ఆ పేరు కలిగెను. ఉత్తర సర్కారులలో ఎన్ని గ్రామములు పాడుపడినవో, ఎందరు తల్లులు బిడ్డలను పోగొట్టుకొనిరో మంచు చెప్పదు. అయినను, సామర్లకోటలో ఒక మనుష్యుడు కాగితముపై వ్రాసిన మాటయు, అంతదూరమున నిర్జనమైన కొండపై ధూళి వ్రాసిన మాటయు ఒకదానికొకటి తోడుపడుచున్నవి. పెద్దలు చెప్పు కరవుకథలు వట్టి కథలు కావని పిల్లలు గ్రహింతురు గాక.

అదే మంచు మరియొక మాట చెప్పుచున్నది. ఇరువదవ శతాబ్దములో అందలి క్లోరైడు రెండింతలును, ధూళి నాలుగింతలును అయినవి. భారత, నేపాళ దేశములలో మానవుల పనిపాటలు పెరుగుటయే దీనికి కారణమని పరిశోధకులు తలంచిరి. మనము రేపిన దుమ్ము సయితము ఆ కవిలెలో పడుచున్నదన్నమాట.

విచారకరమైన సంగతి యొకటి కలదు. మానససరోవరమునకు చేరువనున్న నైమోనాన్యి అను పర్వతపు హిమానీనదమును 2006లో తొలిచినప్పుడు, పైపొరలలో అణ్వస్త్ర పరీక్షల గుర్తులే కనబడలేదు. అనగా 1950 తరువాత పడిన మంచు నిలువక కరగిపోయినదని తేలెను. కవిలెలో పై పుటలు చినిగిపోయినవి. లోకము వేడెక్కుచున్నకొలది ఇట్టి నష్టము ఇతర పర్వతములపైనను జరుగుచున్నది. కరగినది వట్టి చరిత్రయే కాదు. ఎండకాలమున నదులకు నీరిచ్చు నిలువ కూడ అదియే. అందుచేత కొందరు శాస్త్రజ్ఞులు 2016లో ఆల్ప్సు పర్వతములతో మొదలిడి, కరగనున్న హిమానీనదములనుండి మంచుస్తంభములు తీసి, అంటార్కిటికాలో భద్రపరుపవలెనని యత్నించుచున్నారు. ఇంకను పుట్టని విద్యార్థులు మనకంటె మంచి సాధనములతో వానిని చదువగలరని వారి యాశ.

ప్రశ్న యడిగిన ఆ బాలునికి మా ప్రత్యుత్తరము ఇదియే. వర్షమాపకము లేని కాలమునకు మంచు సాక్షి. వర్షమాపకము గల మన కాలమునకు మనమే సాక్షులము. కాబట్టి పాఠశాల వర్షమాపకమును చూచు వంతు మీకు వచ్చినప్పుడు, ప్రతి ఉదయమును లెక్క వ్రాయుడు. వాన లేని దినమున సున్న వ్రాయుడు. చూడ మరచిన దినమున మరచితిమని వ్రాయుడే గాని ఊహించి అంకె వేయకుడు. మంచు తాను చూడనిదానిని వ్రాయదు. అందుచేతనే దాని మాట రెండువందల యేండ్ల తరువాతను నిలిచినది.