నోరు విప్పరు... ప్లకార్డు దించరు!

అక్టోబరు నెల మొదటి ఆదివారం. అమెరికాలో చాలా ఊళ్లలో మధ్యాహ్నమయ్యేసరికి ఓ దృశ్యం కనిపిస్తుంది. తాతయ్యలు, బామ్మలు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న దంపతులు... ఫుట్‌పాత్‌ మీద వరసగా నిలబడతారు. అందరి చేతుల్లో ప్లకార్డులు. ‘అబార్షన్‌ పిల్లల్ని చంపేస్తుంది’ అని ఒకదాని మీద, ‘దత్తతే ప్రేమ మార్గం’ అని మరోదాని మీద! నినాదాల్లేవు, మైకుల్లేవు. కార్లలో వెళ్లేవాళ్లు కొందరు హారన్‌ కొట్టి మెచ్చుకుంటారు, కొందరు తిట్టిపోస్తారు. వీళ్లు మాత్రం మౌనంగా ప్రార్థన చేసుకుంటూ ఉండిపోతారు.

దీని పేరు ‘లైఫ్‌ చెయిన్‌’. 1987లో కాలిఫోర్నియాలోని యూబా సిటీ, మేరీస్‌విల్‌ అనే జంట ఊళ్లలో మొదలై, ఆనక దేశమంతా పాకింది.

నిలబడటానికీ లెక్కుంది!

చూడ్డానికి నిలబడటమేగా అనిపిస్తుంది. కానీ దాని వెనక చాలా పనే ఉంటుంది. ముందుగా చర్చిల్లో చెప్పి మనుషుల్ని కూడగట్టాలి. వాహనాలు బాగా తిరిగే, ఫుట్‌పాత్‌ వెడల్పుగా ఉన్న రోడ్డు వెతకాలి. ప్లకార్డు మీద మాటలు రెండు మూడే ఉండాలి. కారు దాటిపోయేలోపు చదవాలి కదా! నడిచేవాళ్లకీ చక్రాల కుర్చీలకీ దారి వదలాలి. దుకాణాల గుమ్మాలకు అడ్డు రాకూడదు. రోడ్డు మీదకు దిగకూడదు. అన్నిటికన్నా కష్టమైన నియమం... ఎవరేమన్నా ఎదురు మాట్లాడకపోవడం.

వీధులూ పార్కులూ జనం తమ అభిప్రాయం చెప్పుకునే చోట్లేనని అక్కడి సుప్రీంకోర్టు 1939లోనే చెప్పింది. అందుకే దారికి అడ్డం రాని చిన్న గుంపులకు చాలాచోట్ల అనుమతి అక్కర్లేదు.

గుమ్మం దగ్గరే గొడవ

అదే ప్లకార్డు అబార్షన్‌ క్లినిక్‌ ముందుకొస్తే సంగతి వేరు. అసలే ఆందోళనతో వచ్చిన మహిళకు అది నిలదీసినట్టే ఉంటుందంటారు అబార్షన్‌ హక్కును సమర్థించేవాళ్లు. అలాంటివాళ్లను తోడుండి లోపలికి తీసుకెళ్లడానికి వేరే వాలంటీర్లుంటారు. 1993లో ఫ్లోరిడాలో క్లినిక్‌ బయటే ఓ డాక్టర్ని కాల్చి చంపడం దేశాన్ని కుదిపేసింది. మరుసటేడే క్లినిక్‌లకు వచ్చేవాళ్లను బెదిరించినా, బలంతో అడ్డుకున్నా నేరమంటూ కేంద్ర చట్టం వచ్చింది.

మరి మెల్లగా మాట్లాడేవాళ్ల సంగతో? మసాచుసెట్స్‌ రాష్ట్రం క్లినిక్‌ గుమ్మానికి 35 అడుగుల్లోపు నిలబడకూడదంది. డెబ్భై దాటిన ఎలినార్‌ మెకల్లెన్‌ అనే బామ్మ కోర్టుకెక్కింది. తాను అరవననీ, పక్కన నడుస్తూ నెమ్మదిగా చెబుతాననీ ఆమె వాదన. 2014లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఆ చట్టాన్ని కొట్టేశారు. అడ్డగింతల్ని ఆపాలంటే వేరే దారులున్నాయన్నారు.

దేశమంతటా అబార్షన్‌ హక్కునిచ్చిన 1973 నాటి తీర్పును అదే కోర్టు 2022లో రద్దుచేసి, నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది. అయినా ఫుట్‌పాత్‌ల మీద వరసలు ఆగలేదు, వాటిని చూసి మండిపడేవాళ్లూ తగ్గలేదు.

సమయం అయిపోగానే నిర్వాహకులు ప్లకార్డులన్నీ పోగుచేసి కారు డిక్కీలో సర్దుకుంటారు. మళ్లీ వచ్చే అక్టోబరుకి పనికొస్తాయి!