ఒకే ఆటకు రెండు రూపములు

ఒకే పేరుగల వీడియో ఆట పార్లరులోని యంత్రముపై ఒక రీతిగను, ఇంటి యంత్రముపై వేరొక రీతిగను ఉండుటేలయని పిల్లలు అడుగుదురు. “చదువుకొనుము పో” యని వారిని కసరవలదు. సాంచాల ఊరివారమగు మనకిది క్రొత్త సంగతి కాదు. జాకార్డుపై నేసిన పెద్ద పువ్వును డాబీపైకి దింపినచో వంపులు తగ్గును గదా!

1978లో జపానునందలి టైటో సంస్థ వెలువరించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’లో శత్రువులు 55 మంది. 1980లో అటారీ సంస్థ దానిని ఇంటి యంత్రమునకు మార్చినప్పుడు 36 మందియే మిగిలిరి. ఆ యంత్రమునకు గల తాత్కాలిక స్మృతి 128 బైట్లు మాత్రమే. తెరబొమ్మను దాచుకొను చోటు లేదు. పేక పోగు వెంబడి పోగు పడినట్లు గీత వెంబడి గీతను అప్పటికప్పుడే గీయవలెను. అయినను శత్రువులు తగ్గినకొలది వేగము హెచ్చు కీలకము చెడలేదు, ఆట రక్తికట్టెను.

అదే యంత్రమునకు 1982లో వచ్చిన ‘ప్యాక్‌మాన్’ అట్లు కాదు. నాలుగు దయ్యములను వంతులవారీగా చూపుటచే అవి మిణుకుమిణుకుమనుచుండెను. నా దృష్టిలో అంతకంటె పెద్ద లోపము, చిక్కుదారియే మారిపోవుట. 1980 నాటి మూలమున ఆటగాండ్రు కష్టపడి నేర్చిన దారులన్నియు వ్యర్థమయ్యెను.

నేటి కంప్యూటరు ఆ పాత యంత్రమునే లోలోపల అనుకరించి మూల ఆజ్ఞలను యథాతథముగ నడుపగలదు.